ట్యాబ్‌లో గిటార్ రికార్డ్ చేస్తే రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు వస్తోంది, తప్పు ఎక్కడ?

తెగిన_ఒకటోతీగ
మూడు వారాలుగా తల బద్దలుకొట్టుకుంటున్నా. ఎలక్ట్రిక్ గిటార్, ఆండ్రాయిడ్ ట్యాబ్, అందులో గిటార్ అంప్లిఫయర్‌లా పనిచేసే ఒక అంప్ యాప్. గిటార్ కేబుల్ లావు పిన్నుకి సన్న పిన్ను చేసే చిన్న కన్వర్టర్ ఒకటి తగిలించి ట్యాబ్ హెడ్‌ఫోన్ జాక్‌లో పెట్టా. రికార్డ్ అవుతోంది, కాదనను, కానీ ఏం సౌండ్ అది! రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది. సౌండ్‌ని బరకగా చేసే డిస్టార్షన్ పెడితే ఇంకా ఘోరం, గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా గరగరలాడుతూ వచ్చేస్తోంది. యాప్‌లో ఉన్న అంప్‌లన్నీ మార్చా, ఈక్వలైజర్ అటూ ఇటూ తిప్పా, డబ్బులు పెట్టి ఇంకో యాప్ కొన్నా, అదీ అంతే. ఇంకో తలనొప్పేంటంటే పిన్ను పెట్టగానే ట్యాబ్ స్పీకర్ మూగబోతుంది, అందుకని బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నా, అందులో నేను వాయించిన అరగంటకి వినపడుతుంది. 20 సెకన్ల క్లిప్ పెట్టా వినండి. ఏ యాప్ కొనాలి? లేకపోతే ట్యాబే మార్చేయాలా?

గట్టి_గెయిన్
ఇంకో యాప్ ఎందుకు బ్రో, ఉన్నదాంట్లనే గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాల్నో చెప్పే నాబ్) తగ్గించి చూడు ముందుగాల. నేను నాలుగేండ్ల సంది ఒక్క యాప్ మీదనే నడిపిస్తున్న. యాప్‌లు అన్నీ ఒక్కతీర్గనే ఉంటయ్, చేతుల ఉండాలె.

కాపో_రెండో_ఫ్రెట్
ఆండ్రాయిడ్‌లో ఆడియో ఆలస్యం ఎప్పుడూ ఉండే గోలే. ఐప్యాడ్ తీసుకో, గ్యారేజ్‌బ్యాండ్ ఫ్రీ, 2011 నుంచి ఉంది, అంప్‌లు అందులోనే ఉంటాయి, ఇంకేం కొనక్కర్లేదు.

రాత్రి_రెండు
మూడో పోస్ట్‌కి ఐప్యాడ్ వచ్చింది. ఈసారి లేటే.

మెత్తని_పిక్
నాదీ ఇదే బాధ కానీ నాది అకౌస్టిక్. ట్యాబ్ మైక్‌తోనే రికార్డ్ చేస్తా. స్ట్రమ్ గట్టిగా కొట్టగానే సౌండ్ ఒక్కసారిగా లోపలికి వెళ్ళిపోయి మళ్ళీ మెల్లగా పైకి వస్తుంది, ఎవరో వాల్యూమ్ పట్టుకుని తిప్పుతున్నట్టు. దీనికీ ఎవరైనా చెప్తారా, లేక వేరే థ్రెడ్ పెట్టనా?

శబ్దభేది
@తెగిన_ఒకటోతీగ క్లిప్ మూడుసార్లు విన్నా. 14వ సెకనులో ఎవరో తుమ్మారు. ఎవరు?

తెగిన_ఒకటోతీగ
మా అన్నయ్య, పక్క గదిలో. తుమ్ముకీ టోన్‌కీ ఏంటి సంబంధం?

శబ్దభేది
అంతా దానితోనే సంబంధం. గిటార్ పికప్‌కి తుమ్ము వినపడదు. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ కొన్ని వేల చుట్లు. పైనున్న స్టీలు తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుంది, గాలి కదిలితే పుట్టదు. అన్నయ్య తుమ్మూ, ఫ్యాన్ చప్పుడూ రికార్డింగ్‌లో ఉన్నాయంటే నువ్వు రికార్డ్ చేస్తున్నది గిటార్ కేబుల్‌ని కాదు. ఒక పని చెయ్యి. యాప్‌లో రికార్డ్ నొక్కి, గిటార్ ముట్టుకోకుండా ట్యాబ్ అంచుల మీద గోటితో టకటకా కొట్టు. తర్వాత వినిపించుకో.

ఫ్రెట్‌లెస్
చిన్న సవరణ. మైనంలో ముంచని పాత పికప్‌లు కొన్ని మైక్‌లా పనిచేస్తాయి, దాని మీద నోరు పెట్టి అరిస్తే అంప్‌లో మాట వినపడుతుంది. కాబట్టి "పికప్‌కి తుమ్ము వినపడదు" అని తీర్మానం చేసేయకూడదు.

శబ్దభేది
నోరు ఆనించి అరిస్తే సరే. పక్క గదిలోంచి తుమ్మితే వినపడే పికప్ ఉంటే నాకూ ఒకటి కావాలి.

తెగిన_ఒకటోతీగ
కొట్టా. డప్పు కొట్టినట్టు వినపడింది. కింద అంచు దగ్గర, మైక్ రంధ్రం పక్కన కొడితే చెవులు చిల్లులు పడ్డాయి.
అంటే మూడు వారాలుగా... ట్యాబ్ మైక్‌తోనా?

శబ్దభేది
అవును. కరెంటు లేకుండా వాయించిన ఎలక్ట్రిక్ గిటార్ తీగల కిణకిణని ట్యాబ్ మైక్ గాలిలోంచి పట్టుకుంది, దాన్ని తీసుకెళ్ళి నువ్వు అంప్ యాప్‌లో పోశావు. ఏ యాప్ కొన్నా గులకరాళ్ళే వస్తాయి మరి.

నీ కన్వర్టర్ పిన్ను చేతిలోకి తీసుకుని నల్లగీతలు లెక్కపెట్టు. ఒక గీత ఉంటే మోనో, రెండుంటే స్టీరియో, మూడుంటే మైక్‌తో కలిపి. ట్యాబ్ జాక్ మూడు గీతల పిన్ను కోసం చేసింది: చివర ఎడమ, తర్వాత కుడి, తర్వాత గ్రౌండ్, అన్నిటికంటే వెనకది మైక్. ఒకటో రెండో గీతల పిన్ను దూరిస్తే వెనకాల ఉండాల్సిన మైక్ భాగమూ గ్రౌండూ ఒకే లోహానికి తగిలి షార్ట్ అయిపోతాయి. ట్యాబ్ ఏమనుకుంటుందంటే "ఓహో, మైక్ లేని హెడ్‌ఫోన్ పెట్టాడు", అనుకుని స్పీకర్ ఆపేసి పాటని పిన్నులోకి పంపిస్తుంది, వినడానికి మాత్రం తన మైక్‌నే వాడుకుంటుంది. నీ స్పీకర్ మూగబోయింది కూడా అందుకే.

తెగిన_ఒకటోతీగ
ఒకటే గీత.

రాత్రి_రెండు
అంటే మూడు వారాలు గిటార్ వాయించలేదు బ్రో, గిటార్‌కి పాటలు వినిపించావ్.

గట్టి_గెయిన్
😂😂 నేను గెయిన్ తగ్గించు అన్న, పాపం అన్నయ్యని తగ్గించు అనాలె.

తెగిన_ఒకటోతీగ
నవ్వండి నవ్వండి. రెండో యాప్ కొన్న డబ్బులు ఎవరిస్తారు. సరే, ఇప్పుడు మూడు గీతలది కొంటే సరిపోతుందా?

గట్టి_గెయిన్
సరిపోతది. జాక్‌ల పెట్టే గిటార్ అడాప్టర్ ఉంటది, ఒక దిక్కు గిటార్, ఇంకో దిక్కు హెడ్‌ఫోన్. నేను మొదట్ల గదే వాడిన. చాలు దానికి.

శబ్దభేది
"చాలు" దగ్గర నేను ఒప్పుకోను. క్లీన్ టోన్‌కి ఏదోలా నడుస్తుంది. డిస్టార్షన్ పెంచితే మాత్రం హెడ్‌ఫోన్‌కి వెళ్ళే సౌండ్ పక్కనే ఉన్న మైక్ తీగలోకి కొంచెం కారుతుంది, అది మళ్ళీ అంప్‌లోకి, అంప్ నుంచి హెడ్‌ఫోన్‌కి, మళ్ళీ మైక్‌లోకి. చివరికి కీచుమని కూత. ఇదే రకం అడాప్టర్‌తో నేను ఒక ఏడాది నెగ్గుకొచ్చా, గెయిన్ సగం దాటితే వాయించడం మానేసి పిల్లిని తోలుతున్నట్టుండేది.

గట్టి_గెయిన్
గది నిజమే. నేను హెడ్‌ఫోన్ వాల్యూమ్ తక్కువ పెట్టి తప్పించుకున్న, చెప్పుడు మర్చిన.

శబ్దభేది
మర్చిపోలేదు, దాచావు :)

ఇంకో సంగతి, ఇది కూతకంటే ముఖ్యం. పికప్ బలహీనమైన ప్రాణి. దాని వెనకాల చాలా పెద్ద అడ్డు ఉన్న ఇన్‌పుట్ కావాలి, మామూలుగా 1 మెగా ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లు. అప్పుడే అది తన సౌండ్ తాను పూర్తిగా చెప్పగలదు. ట్యాబ్ మైక్ ఇన్‌పుట్ కొన్ని వేల ఓమ్‌లే, హెడ్‌సెట్‌లో ఉండే బుల్లి మైక్ కోసం చేసింది. అక్కడ గిటార్‌ని నేరుగా పెడితే లోపలి సౌండ్ వస్తుంది కానీ పైన మెరుపు ఉండదు, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. ఆ పోయిన మెరుపుని ఈక్వలైజర్‌తో పైకి లాగితే మెరుపు రాదు, బుస వస్తుంది. అందుకే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ అంటాను, గిటార్ సౌండ్‌ని తీసుకుని యూఎస్‌బీ తీగలో ట్యాబ్‌కి పంపే చిన్న పెట్టె. దాని మీద ఇన్‌స్ట్ అనో, హై జెడ్ అనో, గిటార్ బొమ్మతోనో ఒక బటన్ ఉంటుంది, అది ఈ పది లక్షల ఓమ్‌ల కథే. క్లాస్ కంప్లయంట్ అని రాసి ఉన్నది చూసుకో, అంటే డ్రైవర్ అక్కర్లేకుండా ట్యాబ్ దాన్ని గుర్తుపడుతుంది. ఆండ్రాయిడ్ 5.0 నుంచి యూఎస్‌బీ ఆడియో సిస్టమ్‌లోనే ఉంది.

కాపో_రెండో_ఫ్రెట్
ఐప్యాడ్‌లో టైప్ సీ ఉన్నవాటికి నేరుగా పెట్టుకోవచ్చు. పాత లైట్నింగ్ వాటికి కెమెరా అడాప్టర్ కావాలి, అందులోనూ చార్జర్ పెట్టుకునే రంధ్రం ఉన్నది, లేకపోతే ఇంటర్‌ఫేస్‌కి కరెంటు చాలదని మెసేజ్ వస్తుంది.

బేస్_బాబాయ్
ఇవన్నీ లేకుండానే బండి నడిచింది బాబూ. అంప్ ఉందా? దాని ముందు ట్యాబ్ పెట్టి రికార్డ్ నొక్కు. మేము క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు రికార్డ్ చేసేవాళ్ళం, అలాంటి మొదటి యంత్రం టియాక్ వాళ్ళ పోర్టాస్టూడియో 1979లో వచ్చింది, మా చేతికి వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టిందనుకో. ఇన్ని ఓమ్‌లు ఎవరూ లెక్కపెట్టలేదు. గిటార్ బాగా వాయిస్తే గిటార్‌లాగే వినపడుతుంది.

శబ్దభేది
అంప్ ముందు మైక్ పెట్టడం మంచి పద్ధతే, కాదనడం లేదు. కానీ ట్యాబ్ మైక్ మీ క్యాసెట్ రోజుల మైక్ లాంటిది కాదు బాబాయ్. అది మనిషి మాట కోసం పెట్టింది. వెనకాల ఒక ప్రోగ్రామ్ కూర్చుని గట్టి సౌండ్‌ని అణుస్తుంది, మెల్లటిదాన్ని లేపుతుంది, ఒకే స్థాయిలో సాగే సౌండ్‌ని ఫ్యాన్ అనుకుని తుడిచేస్తుంది. గిటార్‌లో సాగదీసిన స్వరం దానికి ఫ్యానే. @మెత్తని_పిక్ మీ వాల్యూమ్ తిప్పే దెయ్యం ఇదే.

మెత్తని_పిక్
దెయ్యానికి పేరు దొరికింది, వదిలించుకోవడం ఎలా?

శబ్దభేది
వాయిస్ రికార్డర్ యాప్ వాడకండి, సంగీతం కోసం చేసిన రికార్డింగ్ యాప్ వాడండి. ఆండ్రాయిడ్ 7.0 నుంచి మైక్‌ని ఏ సవరణా లేకుండా తీసుకునే దారి ఒకటుంది, కొన్ని యాప్‌లలో అది సెట్టింగ్స్‌లో "అన్‌ప్రాసెస్డ్" అని కనపడుతుంది. ఆ దారి ట్యాబ్ చేసినవాళ్ళు కూడా తెరిచి ఉంచాలి, అందరూ ఉంచరు. ఆటో గెయిన్, నాయిస్ రిడక్షన్ అని ఎక్కడ కనపడినా ఆపేయండి.

బేస్_బాబాయ్
మిగతాది నేను చెప్తానమ్మా. మైక్‌ని సౌండ్ హోల్ ఎదురుగా పెట్టకు, అక్కడ బుంగలో ఊదినట్టు బుం బుం అంటుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర, ఒక జానెడో జానెడున్నరో దూరంలో పెట్టు. ఇక్కడ జనం చేసే తప్పు ఇంకోటుంది, ట్యాబ్‌ని బల్ల మీద పడుకోబెట్టి వాయిస్తారు. గిటార్ సౌండ్ నేరుగా ఒకసారి, బల్ల మీద పడి లేచి ఇంకోసారి, రెండూ కలిసి గొట్టంలోంచి వచ్చినట్టవుతుంది. పైగా కాలితో తాళం వేస్తే బల్ల కూడా వాయిస్తుంది. కింద దిండు వేసి, దాని మీద ట్యాబ్‌ని నిలబెట్టు. మైక్ రంధ్రం ఏ అంచున ఉందో చూసుకుని ఆ అంచు గిటార్ వైపు తిప్పు, చాలామంది రంధ్రాన్ని చేత్తోనో కేసుతోనో మూసేసి వాయిస్తుంటారు. వెనకాల ఖాళీ గోడ ఉంటే పరుపు నిలబెట్టు, బట్టల అల్మరా తలుపులు తెరిచి దాని వైపు తిరిగి కూర్చున్నా సరే.

మెత్తని_పిక్
కేసు తీసి, దిండు మీద నిలబెట్టి, పన్నెండో ఫ్రెట్ దగ్గర పెట్టి చూశా. దెయ్యం కొంచెం మిగిలింది కానీ బుం బుం మొత్తం పోయింది. నా గిటార్‌లో ఆరో తీగ ఇంత శుభ్రంగా ఉంటుందని నాకే తెలీదు. బాబాయ్, థాంక్స్.

ఫ్రెట్‌లెస్
పికప్ ఉన్న అకౌస్టిక్ అయితే దాన్నీ ఇంటర్‌ఫేస్‌లో పెట్టొచ్చు కదా అని ఎవరో అడుగుతారు, ముందే చెప్తున్నా. జీను (తీగలు ఆనే సన్నటి పట్టీ) కింద పెట్టే పియెజో పికప్‌లో గిటార్ పెట్టె సౌండ్ రాదు, పిక్ తగిలినప్పుడల్లా బాతు అరిచినట్టు వస్తుంది. స్టేజీ మీద పర్లేదు. రికార్డింగ్‌కి మైకే, లేదంటే రెండూ కలుపుకో.

రాత్రి_రెండు
ఇప్పటివరకు పిల్లి, దెయ్యం, బాతు. కందిరీగలు ఇంకా రాలేదు.

తెగిన_ఒకటోతీగ
వచ్చాయి. పది రోజుల తర్వాత వస్తున్నా, ఫ్రెండ్ దగ్గర ఇంటర్‌ఫేస్ అరువు తెచ్చా. గోటితో ట్యాబ్ మీద కొట్టి చూశా, వినపడలేదు, తుమ్మమని అన్నయ్యని బతిమాలా, అదీ వినపడలేదు. కేబులే రికార్డ్ అవుతోంది! ఆ ఆనందం ఐదు నిమిషాలు. మొదట దుప్పటి కప్పుకున్న సౌండే వచ్చింది. మళ్ళీ యాప్‌ని తిట్టుకుని, అప్పుడు గుర్తొచ్చి ఇన్‌స్ట్ బటన్ నొక్కా. దుప్పటి తీసేసినట్టు, నిజంగా అలాగే, పై తీగలన్నీ తెరుచుకున్నాయి. ఇప్పుడు రెండు బాధలు. ఒకటి, ఎప్పుడూ సన్నగా గుయ్‌య్‌ అని ఒక హోరు. రెండు, డిస్టార్షన్ పెడితే అద్దం మీద ఇసుకతో రుద్దినట్టు, కందిరీగలు. పక్కనే 48వీ అని ఒక ఎర్ర బటన్ ఉంది, అది నొక్కాలా?

శబ్దభేది
48వీ మైక్‌ల కోసం, కండెన్సర్ మైక్‌కి కరెంటు. మామూలుగా అది మూడు కాళ్ళ మైక్ సాకెట్‌కే వెళ్తుంది, గిటార్ పిన్నుకి వెళ్ళదు. వదిలెయ్.

హోరు సంగతి. ట్యాబ్ చార్జింగ్‌లో ఉందా?

తెగిన_ఒకటోతీగ
ఉంది. ట్యాబ్‌కి ఉన్నది ఒకటే రంధ్రం, హబ్ పెట్టి అందులో ఒకవైపు చార్జర్, ఒకవైపు ఇంటర్‌ఫేస్.

శబ్దభేది
చార్జర్ పీకి విను. పోయిందంటే అది తీగలోంచి వచ్చింది, బ్యాటరీ మీద రికార్డ్ చేసుకో, అంతే మందు. పోకపోతే గిటార్ భుజాన వేసుకుని ఉన్నచోటే మెల్లగా చుట్టూ తిరుగు. తిరుగుతుంటే హోరు పెరిగి తగ్గితే అది గాలిలోంచి పికప్‌కి వస్తోంది. ఏ దిక్కున తక్కువుందో అటు తిరిగి వాయించు. సింగిల్ కాయిల్ పికప్ అయితే ఇది తప్పదు, గోడల్లో కరెంటు సెకనుకి 50 సార్లో 60 సార్లో ఊగుతుంటుంది, దాన్నీ అది తీగ కదిలిందనే అనుకుంటుంది. హంబకర్ రకం పికప్‌లో రెండు కాయిల్స్ ఒకదాని హోరు ఒకటి కొట్టేసుకుంటాయి.

గట్టి_గెయిన్
ట్యాబ్‌ను ఒళ్ళ పెట్టుకుని వాయించకు బ్రో. స్క్రీన్ కూడా హోరు కొడ్తది. ఒక గజం దూరం పెట్టు.

తెగిన_ఒకటోతీగ
చార్జర్ పీకితే ముప్పావు వంతు పోయింది. గుండ్రంగా తిరిగా, కిటికీ వైపు తిరిగితే దాదాపు సున్నా. ఇప్పుడు గోడ వైపు వీపు పెట్టి స్టూలు మీద కొంగలా కూర్చుని వాయిస్తున్నా, ట్యాబ్ మంచం మీద. కందిరీగలు మాత్రం అలాగే ఉన్నాయి.

రాత్రి_రెండు
కొంగని కూడా రాసుకున్నా.

ఫ్రెట్‌లెస్
యాప్ స్క్రీన్‌లో ఏమేం బొమ్మలు ఉన్నాయో వరసగా రాయి. గిటార్ నుంచి చివరిదాకా.

తెగిన_ఒకటోతీగ
నాయిస్ గేట్, డిస్టార్షన్ పెడల్, అంప్ (గెయిన్ ఏడు మీద), రివర్బ్. అంప్ తర్వాత పెద్ద స్పీకర్ డబ్బా బొమ్మ ఒకటి ఉండేది, తీసేశా. ఇయర్‌ఫోన్స్‌లోనే కదా వింటున్నా, మళ్ళీ స్పీకర్ ఎందుకని.

ఫ్రెట్‌లెస్
దొరికింది.

శబ్దభేది
దొరికింది. ఆ డబ్బాని తెచ్చి ఎక్కడుందో అక్కడే పెట్టు. గిటార్ అంప్‌లో 12 అంగుళాల స్పీకర్ 5, 6 వేల హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది, పై సౌండ్ దాదాపు రాదు. అది లోపం అనుకుంటాం కానీ డిస్టార్షన్‌లో పుట్టే గరగర అంతా అక్కడే ఆగిపోతుంది. మనం చిన్నప్పటి నుంచి విన్న ప్రతి డిస్టార్షన్ గిటారూ స్పీకర్ లోంచి వడకట్టి వచ్చిందే. నువ్వు జల్లెడ తీసేసి పిండి పొట్టుతో సహా పోసుకున్నావు. ఇయర్‌ఫోన్ మాత్రం పొట్టు మొత్తం నిజాయితీగా వినిపిస్తుంది.

కాపో_రెండో_ఫ్రెట్
ఆ డబ్బాలో ఐఆర్ ఫైల్ లోడ్ చేసుకునే వీలుంటే వేరేవి కూడా ప్రయత్నించు. నిజమైన స్పీకర్‌నీ దాని ముందు పెట్టిన మైక్‌నీ కలిపి కొలిచి దాచిన ఫైల్ అది. నా అనుభవంలో అంప్ బొమ్మ మారిస్తే వచ్చే తేడా కంటే ఐఆర్ మారిస్తే వచ్చే తేడా ఎక్కువ.

గట్టి_గెయిన్
ఇప్పుడు నా మాట వినుండ్రి. గెయిన్ ఏడు మీద పెట్టినవ్ కద, నాలుగు మీద పెట్టు. సన్నగ అనిపిస్తది, భయపడకు. అదే రిఫ్ రెండుసార్లు వాయించి రికార్డ్ చెయ్, ఒకటి పూర్తిగ ఎడమకు, ఒకటి పూర్తిగ కుడికి. పెద్ద గోడ లెక్క వస్తది. మొదటిది కాపీ కొట్టి పేస్ట్ చేస్తే మాత్రం రాదు, ఉత్త సౌండ్ పెరుగుతది గంతే. రెండుసార్లు చేతితో వాయిస్తే ఉండే ఆ చిన్న చిన్న తేడాలే వెడల్పు. ఇది రికార్డింగ్‌ల తెలుసుకునేటందుకు నాకు ఏడాది పట్టింది.

బేస్_బాబాయ్
గెయిన్ గురించి నా మాట కూడా. రికార్డింగ్ లెవల్ ఎర్ర లైటు తాకీ తాకనట్టు ఉండాలి, అప్పుడే సౌండ్‌కి కండ పడుతుంది.

శబ్దభేది
టేపు మీద బాబాయ్. టేపు ఎర్రలోకి వెళ్తే మెత్తగా నలుగుతుంది, చెవికి ఇంపుగానే ఉంటుంది. ట్యాబ్‌లో సున్నా దాటిన సౌండ్ నలగదు, తెగుతుంది. ఒకసారి తెగితే తర్వాత ఎవరూ అతికించలేరు. 24 బిట్ పెట్టుకుని గట్టిగా కొట్టిన దెబ్బ లెవల్ మీటర్‌లో మైనస్ 12 డీబీ దగ్గర, మరీ అయితే మైనస్ 6 దగ్గర ఆగేలా నాబ్ పెట్టుకుంటే చాలు, తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. టేపులో తక్కువ లెవల్ అంటే బుస, ఇక్కడ ఆ భయం లేదు.

బేస్_బాబాయ్
అదీ నిజమే. ఆ బుసతోనే సగం జీవితం గడిచింది.

తెగిన_ఒకటోతీగ
డబ్బా పెట్టా. కందిరీగలు ఎగిరిపోయాయి!! గెయిన్ నాలుగు. రెండుసార్లు వాయించి ఎడమా కుడీ. కానీ రెండోది మొదటిదాని వెనకాల పరిగెడుతున్నట్టు ఉంది, ఎంత జాగ్రత్తగా వాయించినా.

ఫ్రెట్‌లెస్
బ్లూటూత్ ఇంకా చెవిలోనే ఉందా?

తెగిన_ఒకటోతీగ
...ఉంది.

శబ్దభేది
ఇంటర్‌ఫేస్‌కి ముందు వైపు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, వైరున్నది ఏదైనా అందులో పెట్టు. లెక్క చెప్తా. సౌండ్ గాలిలో ఒక మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. యాప్‌లో బఫర్ (ఒక్కో విడతలో తీసుకునే సౌండ్ శాంపిళ్ళు) 256 పెడితే సెకనుకి 44,100 శాంపిళ్ళ లెక్కన 5.8 మిల్లీసెకన్లు, అంటే అంప్ నీకు రెండు మీటర్ల అవతల ఉన్నట్టు. రానూ పోనూ కలిపినా నాలుగైదు మీటర్లు, వేళ్ళు సర్దుకుంటాయి. బ్లూటూత్‌లో తేలిగ్గా 200 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మైదానం ఈ చివర నువ్వు వాయిస్తుంటే అంప్ 68 మీటర్ల దూరంలో ఆ చివర మోగుతున్నట్టు. ఎవడు వాయించగలడు తాళంలో? బఫర్ 128కి తగ్గించు, చిటపటలు వస్తే మళ్ళీ 256. రికార్డ్ చేసేటప్పుడు మిగతా యాప్‌లు మూసేసి ఫ్లైట్ మోడ్ పెట్టు.

కాపో_రెండో_ఫ్రెట్
ఆండ్రాయిడ్ మామూలు దారిలో ఆలస్యం తగ్గకపోతే ఆడియో ఎవల్యూషన్ మొబైల్ లాంటి యాప్‌లు తమ సొంత యూఎస్‌బీ డ్రైవర్ తెచ్చుకుంటాయి, దానితో బాగా తగ్గుతుంది. ఐప్యాడ్‌లో అయితే ఈ బాధ...

రాత్రి_రెండు
వద్దు. చెప్పకు.

మెత్తని_పిక్
ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ అని ఒక స్విచ్ ఉంటుంది కదా, అది వేస్తే ఆలస్యం ఉండదంటారు?

శబ్దభేది
ఉండదు, కానీ అప్పుడు వినపడేది యాప్‌లోకి వెళ్ళకముందు గిటార్, ఒట్టి క్లీన్. మీ అకౌస్టిక్‌కి అది బంగారం. ఇతని డిస్టార్షన్‌కి పనికిరాదు, రెండూ కలిపి వింటే ఒక్కో స్వరం రెండేసి సార్లు వినపడుతుంది.

తెగిన_ఒకటోతీగ
వైరు పెట్టా, బఫర్ 256. పరిగెత్తడం ఆగిపోయింది. అన్నయ్య గది తలుపు తీసి "ఇది నువ్వేనా" అని అడిగాడు, నెల రోజుల తర్వాత మొదటి మంచి మాట. కొత్త క్లిప్ పెట్టా. నిర్మొహమాటంగా చెప్పండి.

గట్టి_గెయిన్
అబ్బ. గిది కదా.

మెత్తని_పిక్
మొదటి క్లిప్ పక్కన పెట్టి విన్నా, వేరే మనిషి, వేరే గిటార్ అనిపిస్తోంది.

బేస్_బాబాయ్
చాలా శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రంగా ఉందంటే రెండో తీగ శృతి కిందికి దిగి ఉందని మొదటి కార్డ్‌లోనే తెలిసిపోతోంది.

ఫ్రెట్‌లెస్
ఎడమ ట్రాక్‌లో మాత్రమే. కుడిలో సరిగ్గానే ఉంది, మధ్యలో ట్యూన్ చేసి ఉంటాడు.

తెగిన_ఒకటోతీగ
మొదటి క్లిప్‌లో కూడా అలాగే ఉండేదా?

శబ్దభేది
ఉండే ఉంటుంది. గులకరాళ్ళలో ఎవరికి తెలుస్తుంది.

తెగిన_ఒకటోతీగ
ట్యూన్ చేసి మళ్ళీ వాయిస్తా. ఫ్రెండ్ ఇంటర్‌ఫేస్ ఆదివారం తిరిగివ్వాలి.